హాక్ మౌంటెన్ మీద డేగల లెక్క

సెప్టెంబరు 13

పెన్సిల్వేనియా రాష్ట్రపు తూర్పు భాగంలో, కెంప్టన్ అనే చిన్న ఊరికి ఎగువన ఉన్న హాక్ మౌంటెన్ అభయారణ్యానికి ఈ మధ్యాహ్నం చేరుకున్నాను. అపలాచియన్ పర్వతాల తూర్పు అంచున ఈశాన్యం నుంచి నైరుతికి పెద్దగా వంపులు లేకుండా సాగే కిటటిన్నీ శ్రేణిలో ఇది ఒక శిఖరం. కెనడా నుంచీ, అమెరికా ఈశాన్య రాష్ట్రాల నుంచీ చలికాలానికి ముందే దక్షిణానికి బయలుదేరే డేగలకూ గద్దలకూ ఈ శ్రేణి ప్రతి శరదృతువులోనూ దారి అవుతుంది. ఏటా ఆగస్టు 15 నుంచి డిసెంబరు 15 వరకు ఈ శిఖరం మీద కూర్చుని వాటిని లెక్కపెడతారు. 1934లో మొదలైన ఆ లెక్క, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లెక్కించే మనిషి నౌకాదళంలోకి వెళ్ళినప్పుడు మూడేళ్ళు ఆగింది తప్ప, మళ్ళీ ఆగలేదు. వేటపక్షుల వలస గురించి ఇంత దీర్ఘకాలంగా సాగుతున్న లెక్క ప్రపంచంలో మరెక్కడా లేదు.

ప్రవేశద్వారం నుంచి నార్త్ లుకౌట్ అనే ప్రధాన స్థలానికి సుమారు ఒక మైలు నడవాలి. దారి మొదట్లో విశాలంగా, చదునుగానే ఉంటుంది. కొద్ది దూరంలోనే వచ్చే సౌత్ లుకౌట్ వరకు చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా వెళ్ళగలరు. అక్కడి నుంచి కిందికి చూస్తే, అడవి మధ్యలో బండరాళ్ళు ఒక నది వెడల్పున పరచుకొని కనిపిస్తాయి. మంచుయుగంలో నీరు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి పగలగొట్టిన ఇసుకరాతి బండలు వాలు వెంట జారి అలా పేరుకున్నాయి. ఆ తరువాత దారి ఓక్ చెట్ల కింద, మౌంటెన్ లారెల్ పొదల మధ్య రాళ్ళమయంగా మారుతుంది. చివర మెట్లెక్కితే సముద్రమట్టానికి 1,521 అడుగుల ఎత్తున, తెల్లని బండలు ఒకదానిమీదొకటి పడి ఉన్న కొండకొమ్ము వస్తుంది. కూర్చోవడానికి ఆ బండలు తప్ప మరేమీ లేవు. కింద వేసుకోవడానికి మందపాటిదేదైనా తెచ్చుకోవడం ఎంత అవసరమో రెండు గంటలు గడిచాక ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఈశాన్య దిక్కున, పక్షులు వచ్చే వైపు, శ్రేణి మీది గుట్టలు వరుసగా కనిపిస్తాయి. వాటికి ఇక్కడివాళ్ళు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అని అంకెలే పేర్లుగా పెట్టుకున్నారు. కుడివైపు దూరంగా ఉన్న ఎత్తైన కొమ్మును పినకిల్ అంటారు. "మూడు మీద ఒకటి, కొద్దిగా ఎడమకు వస్తోంది" అని ఎవరైనా అంటే, బండల మీద కూర్చున్నవాళ్ళందరి బైనాక్యులర్స్ ఒకేసారి అటు తిరుగుతాయి. ఆకాశంలో ఒక చుక్కను పక్కవాడికి చూపించడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది కనుక, ఇక్కడ చూసిన పరికరాలన్నిటికంటే ఈ అయిదు అంకెలే నాకు గొప్పగా తోచాయి.

బండల మధ్య ఒక పొడవాటి కర్ర చివర ప్లాస్టిక్ గుడ్లగూబ ఉంది. పెద్ద గుడ్లగూబ రాత్రిపూట డేగలను కూడా వేటాడుతుంది కనుక, పగలు అది కనపడితే చిన్న డేగలు కోపంతో దాని మీదికి దూకుతాయి. ఎత్తున పోయేవాటిని కాస్త కిందికి రప్పించడానికి ఆ బొమ్మను నిలబెడతారు. ఈ రోజు దాని మీదికి ఏదీ రాలేదు. దక్షిణపు గాలి బలహీనంగా వీస్తోంది, లోయంతా తెల్లటి ఆవిరి పొర కమ్ముకొని ఉంది, నాలుగో గుట్టకు అవతల ఏమీ కనపడటం లేదు. లెక్క బాధ్యతలో ఉన్న యువతి మాత్రం బైనాక్యులర్స్‌తో క్షితిజం వెంట ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూసి, దించి, ఉత్త కళ్ళతో నడినెత్తిన వెతికి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతూనే ఉంది.

గంట ముగిసినప్పుడు ఆమె పట్టిక తీసి గాలి వేగం, దిక్కు, ఉష్ణోగ్రత, మేఘాలు ఆకాశంలో ఎంత భాగాన్ని కప్పాయి, ఎంత దూరం స్పష్టంగా కనిపిస్తోంది, ఎంతమంది చూస్తున్నారు అన్న వివరాలన్నీ నింపి, పక్షుల గడులలో సున్నాలు వేసింది. వేసవిలో దేశమంతా గడియారాలను ఒక గంట ముందుకు జరుపుకున్నా, ఈ పట్టికలో మాత్రం ఎన్నడూ మారని ప్రామాణిక సమయమే రాస్తారు. ఒక్క పక్షీ రాని గంటకు ఇంత రాత ఎందుకని అడిగాను. "వచ్చిన గంటలనే రాసుకుంటే అది మన జ్ఞాపకాల పుస్తకం అవుతుందండీ, లెక్క అవదు" అని ఆమె నవ్వింది.

సెప్టెంబరు 14

తెల్లవారుజాము నుంచి పొగమంచు, దాని వెంబడే వాన. శిఖరం మీద గుడ్లగూబ బొమ్మ కూడా కనిపించనంత మంచు పడితే లెక్కకు కూర్చోరు. నిన్న సున్నా వేసిన గడిని ఈ రోజు ఖాళీగా వదిలేశారు. కళ్ళు తెరిచి చూసినా ఏమీ రాని గంట వేరు, చూడనే లేని గంట వేరు. రెండింటినీ ఒకే విధంగా రాస్తే, యాభై ఏళ్ళ తరువాత ఆ పట్టిక చూసేవాడు పక్షులు తగ్గాయో, చూసేవాళ్ళు తగ్గారో తేల్చుకోలేడు. అందుకే ఇక్కడ పక్షుల సంఖ్యతో పాటు ఎన్ని గంటలు చూశారన్నది కూడా లెక్కలో భాగమే.

వాన పడుతున్నంతసేపూ కింద ఉన్న సందర్శకుల కేంద్రంలో గడిపాను. అక్కడి గోడల మీద ఉన్న చరిత్ర కొంత తెలిసినదే అయినా, ఆ కొండ మీదనే కూర్చుని చదివితే మరోలా ఉంటుంది. 1929లో పెన్సిల్వేనియా ప్రభుత్వం గాస్‌హాక్ అనే పెద్ద డేగను చంపి తెచ్చినవారికి అయిదు డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆర్థికమాంద్యం మొదలైన ఆ కాలంలో అది చిన్న మొత్తం కాదు. డేగలు కోళ్ళనూ, వేటగాళ్ళు కొట్టుకోవలసిన పిట్టలనూ తినేస్తాయన్న కోపం అప్పటికే ఉంది. తుపాకీ పట్టుకున్నవారిలో అధికులకు గాస్‌హాక్ ఏదో, మరో డేగ ఏదో తెలియదు. గాలి అనుకూలించిన శరత్కాలపు సెలవు రోజుల్లో ఈ కొమ్ము దగ్గరికి వచ్చి, తలెత్తు ఎత్తున దాటిపోయే ప్రతి పక్షినీ కాల్చేవారు. చచ్చినవి, రెక్కలు విరిగి కొనప్రాణంతో ఉన్నవి కింది అడవిలోనే పడి ఉండేవి.

1932లో రిచర్డ్ పౌ అనే యువకుడు ఇక్కడికి వచ్చి, పడి ఉన్న కళేబరాలను ఏరి వరుసలుగా పేర్చి ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు న్యూయార్క్‌లో రోజలీ ఎడ్జ్ అనే మహిళను కదిలించాయి. ఆమె అంతకు ముందు స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో పనిచేసినది, పక్షి సంరక్షణ సంస్థల మెతకదనాన్ని కరపత్రాలతో నిలదీస్తూ వచ్చినది. 1934లో, యాభై ఆరేళ్ళ వయసులో, ఆమె కొండ మీద సుమారు 1,400 ఎకరాలను కౌలుకు తీసుకుంది. తరువాత ఆ భూమిని కొని 1938లో ఒక సంఘం పరం చేసింది. చట్టం వేటను అనుమతిస్తున్నంత కాలం కాల్చవద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు గాని, నా నేల మీద అడుగు పెట్టవద్దని చెప్పే హక్కు భూమి గలవారికి ఉంది. ఎడ్జ్ పట్టుకున్న కిటుకు అదే. అన్ని వేటపక్షులకూ దేశవ్యాప్తంగా చట్టరక్షణ దొరకడానికి 1972 దాకా ఆగవలసి వచ్చింది కనుక, ఆ కిటుకు లేకపోతే ఈ దారిన వెళ్ళే పక్షులు మరెన్నో ఏళ్ళ పాటు తుపాకులకు ఎదురెళ్ళేవి.

కాపలాకు వచ్చినవారు మారిస్ బ్రౌన్, ఇర్మా బ్రౌన్ దంపతులు. జీతం కూడా వద్దన్నారట. ఇర్మా దారిలో నిలబడి తుపాకులతో వచ్చేవారిని వెనక్కి పంపేది, మారిస్ పైకి వెళ్ళి పక్షులను లెక్కపెట్టేవాడు. కాపలా ఒకటే చాలదా, లెక్క ఎందుకు అన్న ప్రశ్న ఆ రోజుల్లో చాలామందికి వచ్చి ఉంటుంది. మొదటి శరదృతువులోనే ఆయన పదివేలకు పైగా డేగలను నమోదు చేశాడు. అయితే ఆ లెక్క అసలు విలువ బయటపడటానికి పాతికేళ్ళు పైన పట్టింది.

బ్రౌన్ ప్రతి తెల్లతల గద్ద దగ్గరా అది పెద్దదా, ఆ ఏడాది పుట్టిన పిల్లా అని కూడా రాసుకునేవాడు. పిల్లలకు తల ఇంకా తెల్లబడదు, ఒళ్ళంతా ముదురు గోధుమ రంగులో ఉంటాయి కనుక దూరం నుంచి కూడా తేడా తెలుస్తుంది. 1935 నుంచి 1939 వరకు ఇక్కడ కనిపించిన గద్దలలో నూటికి నలభై పిల్లలే. 1955 నుంచి 1959 వరకు చూస్తే అవి నూటికి ఇరవైకి పడిపోయాయి. 1957లో అయితే ముప్పై రెండు పెద్ద గద్దలకు ఒక్క పిల్ల చొప్పున మాత్రమే కనిపించింది. పెద్దవి ఎప్పటిలాగే ఎగిరిపోతున్నాయి కనుక, మామూలుగా చూసేవారికి ఆకాశంలో ఏ లోటూ కనిపించదు. పుట్టవలసినవి పుట్టడం లేదన్న సంగతి వయసు గడిని ఏళ్ళ తరబడి నింపిన పట్టికలోనే ఉంది. 1945 శరత్కాలంలో ఇక్కడికి వచ్చి ఈ బండల మీద కూర్చుని వెళ్ళిన రచయిత్రి రేచల్ కార్సన్, 1962లో వెలువడిన తన 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో డీడీటీ వంటి పురుగుమందులపై వాదన నిర్మిస్తూ ఈ అంకెలనే సాక్ష్యంగా నిలబెట్టింది. ఆ మందు ఆహారం ద్వారా గద్దల ఒంట్లో చేరి గుడ్డు పెంకులను పలుచబరుస్తుందనీ, పొదగడానికి కూర్చుంటే అవి చితికిపోతాయనీ తరువాతి పరిశోధనల్లో తేలింది. 1972లో అమెరికా డీడీటీ వాడకాన్ని నిషేధించింది. 2007లో తెల్లతల గద్ద అపాయంలో ఉన్న జీవుల జాబితా నుంచి బయటికి వచ్చింది.

మన దేశంలో, నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర అమూర్ డేగలను 2012లో వేల సంఖ్యలో వలలు పెట్టి పట్టిన వార్తా, మరుసటి ఏడాదికే ఊళ్ళవాళ్ళు పూనుకొని దానిని ఆపిన వార్తా చదివినవారికి ఈ గోడల మీది కథ అంత దూరంగా అనిపించదు.

బయటికి వచ్చేసరికి వాన సన్నగిల్లి, గాలి పడమరకు తిరిగింది. కేంద్రంలో పనిచేసే ఒక పెద్దాయన కిటికీలోంచి చూసి, "రాత్రికి ఇది వాయవ్యానికి మళ్ళిందంటే రేపు మీరు అన్నం తినడం కూడా మరిచిపోతారు" అన్నాడు. 1978లో ఇదే తేదీన, సెప్టెంబరు 14న, ఒక్క రోజులో ఇరవై ఒక్క వేలకు పైగా బ్రాడ్‌వింగ్ డేగలు ఈ కొమ్మును దాటాయని కూడా ఆయనే చెప్పాడు. కొండ చరిత్రలో అంత పెద్ద రోజు మరొకటి లేదు.

సెప్టెంబరు 15

గాలి నిజంగానే వాయవ్యానికి తిరిగింది. చలిగాలుల మేఘమాల రాత్రి దాటిపోయి, ఆకాశం కడిగినంత స్పష్టంగా ఉంది. తొందరగా పైకి చేరుకున్నా అప్పటికే మంచి బండలన్నీ నిండిపోయి ఉన్నాయి.

గాలి దిక్కుకు ఎందుకింత ప్రాముఖ్యమో ఇక్కడ నిలబడితే ఒంటికే తెలుస్తుంది. శ్రేణి ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది కనుక వాయవ్యపు గాలి దానిని సూటిగా అడ్డంగా తాకుతుంది, ముందుకు పోయే దారి లేక వాలు వెంట పైకి ఎక్కుతుంది. ఆ ఎక్కే గాలి మీద రెక్కలు చాపుకుంటే చాలు, పక్షి ఆడించే పని లేకుండా కొండ వెంట మైళ్ళ కొద్దీ జారిపోగలదు. దక్షిణ అమెరికా వరకు వెళ్ళవలసిన ప్రాణికి ఒంట్లోని కొవ్వే దారిఖర్చు కనుక, ఆడించని ప్రతి రెక్కా ఆదాయమే.

అయితే సెప్టెంబరు మధ్యలో ముఖ్యంగా వచ్చే బ్రాడ్‌వింగ్‌కు కొండగాలి కంటే ఎండ ముఖ్యం. దాదాపు కాకి అంతే ఉండే ఈ డేగ వెడల్పైన పొట్టి రెక్కలతో, తోక మీద తెల్లని, నల్లని అడ్డపట్టీలతో ఉంటుంది. ఎండకు నేల వేడెక్కినచోట పైకి లేచే గాలిస్తంభంలో చేరి, గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు ఎక్కి, పైన బలం తగ్గగానే రెక్కలు కొద్దిగా ముడిచి తరువాతి స్తంభం దాకా జారుతుంది. ఒకటి ఎక్కడ ఎక్కుతోందో చూసి మిగతావి అక్కడికే చేరతాయి. అలా పుట్టే డేగల సుడిని ఇక్కడ కెటిల్ అంటారు. నేల వేడెక్కడానికి పొద్దెక్కాలి కనుక మొదటి గంటలలో చెప్పుకోదగ్గవేమీ రాలేదు. చేపలు పట్టే ఆస్ప్రే గద్ద ఒకటి రెక్కలను మధ్యలో వంచుకొని దాటింది, కెస్ట్రెల్ అనే చిన్న డేగ ఒకటి కింది చెట్ల మీదుగా చరచర పోయింది, అంతే. గాలి బాగుందని తెలిసీ పక్షులు రాని ఆ సమయంలో బండల మీది ముఖాలలో అసహనం నాకు స్పష్టంగా కనిపించింది. లెక్క రాసే యువతి ముఖంలో మాత్రం నిన్నమొన్నటికీ ఈ రోజుకూ ఏ తేడా లేదు.

పదకొండు దాటుతుండగా, అడుగు చదునుగా ఉన్న తెల్లని మేఘాలు ఒక్కొక్కటిగా లోయ మీద పుట్టసాగాయి. గాలిస్తంభాల పైకొసలను చూపే గుర్తులవి. వట్టి నీలాకాశంలో చూపు ఆనడానికి ఏమీ దొరకక కన్ను తనంతట తాను దగ్గరి దూరానికి సర్దుకుంటుంది కనుక ఎదురుగా ఉన్న పక్షి కూడా కనపడదు. మేఘం వచ్చాక తెల్లని దాని మీద నల్లని చుక్కలు వాటంతటవే తేలతాయి. "నాలుగు మీద, మేఘపు కింది అంచులో" అని ఎవరో అన్నారు. అటు చూస్తే మొదట ఏమీ లేదు, తరువాత ఆవాలు చల్లినట్టు మేఘం నిండా చుక్కలు, ప్రతి చుక్కా తన చుట్టూ తాను తిరుగుతూ. చూస్తుండగానే అవి మన వైపు కదిలి, చుక్కలకు రెక్కలు మొలిచి, నడినెత్తిన సుడి అయ్యాయి.

అప్పుడు లెక్కించడం ఎలా అన్నది నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన విషయం. సుడిలో ఉన్నంతసేపూ ఎవరూ లెక్కపెట్టరు. కొన్ని పైకి, కొన్ని కిందికి, కొన్ని ఒకదాని వెనుక ఒకటిగా మరుగై తిరుగుతుంటే లెక్కపెట్టబోయినవాడు రెండు సార్లు కలిపినా కలుపుతాడు, సగం విడిచినా విడుస్తాడు. ఆమె సుడిని ఓరకంట కనిపెడుతూ ఊరుకుంది. కొద్దిసేపటికి పైకొస నుంచి ఒక డేగ విడివడి నైరుతికి జారింది, దాని వెనుక మరొకటి, ఆ వెనుక వరుసగా అన్నీ. అలా తీగ సాగినప్పుడు మాత్రమే ఆమె చేతిలోని, నొక్కినప్పుడల్లా అంకె పెరిగే క్లిక్కర్ టకటకమని మోగడం మొదలుపెట్టింది. వరుస పలుచగా ఉంటే ఒక్కొక్కటిగా, చిక్కబడితే అయిదేసి, మరీ చిక్కబడితే పదేసి చొప్పున. పక్కనే సహాయకుడొకడు ఆ సమయంలో మిగతా ఆకాశాన్ని చూస్తూ ఉండాలి. అందరూ సుడినే చూస్తుంటే కొండ వెనుకగా మౌనంగా దాటే ఒంటరి పక్షి లెక్కలోకి రాదు. తల దాటి దక్షిణానికి పోయినవాటినే లెక్కలో వేస్తారు. ఈ కొండనే నమ్ముకొని రోజంతా అటూఇటూ తిరిగే స్థానిక రాబందులను, ముందుకు పోయి వెనక్కి వచ్చినదానిని వేయరు.

మధ్యాహ్నం రెండు ప్రాంతంలో ఒకదాని వెనుక ఒకటిగా సుడులు వచ్చినప్పుడు, అంతవరకు కబుర్లు చెప్పుకుంటున్న సందర్శకులు కూడా మాట ఆపి తలలు వెనక్కి వాల్చారు. అంత ఎత్తున పోయేవాటి చప్పుడేదీ కిందికి రాదు. నేనూ కాసేపు సొంతంగా లెక్క పెట్టి చూశాను. నా అంకెకూ క్లిక్కర్ అంకెకూ ఉన్న అంతరం చూశాక ఆ పనిని చేతనైనవారికే వదిలి, చూడటంలో పడ్డాను. రోజు మొత్తం వేలలోకి పోయింది. 1978 నాటి సంఖ్యకు దరిదాపుల్లో లేదని అనుభవజ్ఞులు పెదవి విరిచారు గాని, ఆ పెదవి విరుపును నేను పట్టించుకోలేదు.

ఈ డేగలలో అధికభాగం ఇక్కడి నుంచి టెక్సస్ తీరం మీదుగా మెక్సికోలో ప్రవేశిస్తాయి. సముద్రం మీద వేడిగాలి స్తంభాలు లేవవు కనుక నీటిని దాటకుండా ఒడ్డు వెంట వంపు తిరిగి పోవడమే వాటి పద్ధతి. తూర్పు నుంచి, మధ్య నుంచి, పడమర నుంచి వచ్చే దారులన్నీ వెరక్రూజ్ దగ్గర సముద్రానికీ పర్వతాలకూ మధ్య ఇరుకైన మైదానంలో కలుస్తాయి. అక్కడ ఒక్క శరదృతువులో నలభై లక్షలకు మించి వేటపక్షులు లెక్కకు వస్తాయి. హాక్ మౌంటెన్‌లో ఏటా సగటున వచ్చేవి సుమారు పద్దెనిమిది వేలు. సంఖ్యలో పోటీయే లేదు. అయినా 1934 నుంచి ఒకే చోట, ఒకే పద్ధతిలో కూర్చుని లెక్కపెట్టిన పద్దెనిమిది వేలకు ఉన్న సాక్ష్యబలం మరో రకమైనది. పెద్ద సంఖ్యలకు పరుగెత్తేవారు వెరక్రూజ్ వెళ్ళవచ్చు. నాకు ఈ బండలే నచ్చాయి.

సెప్టెంబరు 16

నిన్నటి డేగల వరద తీసిపోయింది. గాలి ఇంకా వాయవ్యం నుంచే వీస్తున్నా బ్రాడ్‌వింగ్‌లు అరుదుగా, చాలా ఎత్తున దాటాయి. సందర్శకులు సగానికి తగ్గారు. గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఇటువంటి రోజే మేలు.

షార్ప్‌షిన్ అనే చిన్న డేగ మూడు నాలుగు సార్లు గబగబా రెక్కలాడించి, కాసేపు జారి, మళ్ళీ ఆడిస్తుంది. దాని తోక చివర కత్తిరించినట్టు చదునుగా, తల భుజాలలోకి కుదించినట్టు ఉంటుంది. కూపర్ డేగ అదే కుటుంబంలోనిదే గాని తల ముందుకు పొడుచుకొని వస్తుంది, తోక చివర గుండ్రంగా ఉంటుంది, రెక్కల ఆట నింపాదిగా ఉంటుంది. టర్కీ రాబందు రెక్కలను పైకెత్తి పట్టుకొని అటూఇటూ ఊగుతుంది. ఇవన్నీ పుస్తకంలో బొమ్మలుగా చూసినప్పుడు రంగుల మీదికి మనసు పోతుంది. ఇక్కడ వెలుతురుకు అడ్డంగా కనిపించే పక్షికి రంగే ఉండదు కనుక, పోకడను బట్టి గుర్తించడం తప్ప దారి లేదు. ఒక షార్ప్‌షిన్ ఎట్టకేలకు గుడ్లగూబ బొమ్మ మీదికి దూకి, దాని తల మీదుగా చేయి చాపితే అందేంత దగ్గరగా దూసుకుపోయింది. ఆ రెండు క్షణాలలో దాని పసుపు కన్ను కూడా చూడగలిగాను. మోసం తెలిసిందో లేదో గాని మళ్ళీ తిరిగి రాలేదు.

మొనార్క్ సీతాకోకచిలుకలు కూడా ఇదే గాలిలో, ఇదే దిక్కుకు పోతూనే ఉన్నాయి. వాటి లెక్క వేరే కాగితం మీద రాస్తున్నారు. కెస్ట్రెల్ ఒకటి సాయంత్రం దాటినప్పుడు, చాలా ఏళ్ళుగా వస్తున్నానన్న ఒక పెద్దావిడ దానిని ప్రత్యేకంగా చూపించి, ఇవి తగ్గిపోతున్నాయని చెప్పింది. తూర్పు ప్రాంతమంతటా కెస్ట్రెల్‌లు క్షీణిస్తున్నాయి. ఒకే కారణం ఇదని ఎవరూ వేలెత్తి చూపలేకపోతున్నారు. అభయారణ్యం వారు చుట్టుపక్కల పొలాలలో గూటి పెట్టెలు కట్టి వాటిని దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు.

నవంబరు 7

సెప్టెంబరులో ఆకుపచ్చగా విడిచివెళ్ళిన కొండ ఇప్పుడు బోడిగా, గోధుమ రంగులో ఉంది. బంగారు గద్దను చూడాలంటే అక్టోబరు చివర నుంచి నవంబరు మధ్య దాకా రావాలి కనుక మళ్ళీ వచ్చాను. చలి కోత పెడుతోంది. వాయవ్యపు గాలి బండల మీద మనుషులను నిలవనివ్వడం లేదు. ఈ గాలిలో కూర్చునేవారు గట్టివారే. చేతి తొడుగులతో క్లిక్కర్ నొక్కడం కూడా ఒక విద్య.

ఇది సుడుల కాలం కాదు. నేల వేడెక్కదు కనుక వచ్చేవన్నీ కొండగాలి మీదే, తరచు కంటి ఎత్తులో, కొన్నిసార్లు మన కాళ్ళ కిందుగా వస్తాయి. ఎర్రతోక డేగలు గంటగంటకూ వరుసగా దాటాయి. పైనుంచి వాటి వీపును, ఎండ పడినప్పుడు ఇటుక రంగులో మెరిసే తోకను చూడటం మైదానంలో ఉండేవారికి దొరకని భాగ్యం. పదిన్నర ప్రాంతంలో రెండో గుట్ట మీద ఒక పెద్ద నల్లని ఆకారం కనిపించింది. గాలి ఎంత విసురుగా ఉన్నా చలించకుండా, రెక్కలను కొద్దిగా పైకెత్తి, ఎర్రతోక డేగలన్నీ పక్కన చిన్నబోయేలా వచ్చింది. మమ్మల్ని దాటేటప్పుడు మెడ మీది పసిడి ఛాయ, రెక్కల కింద తెల్లని మచ్చలు, తోక మొదట తెల్లని పట్టీ స్పష్టంగా తెలిశాయి. తూర్పు కెనడాలోని క్విబెక్, లాబ్రడార్ ప్రాంతాలలో గూళ్ళు కట్టే బంగారు గద్దల సంతానం అది, ఇంకా పెద్దవ్వని పక్షి. లెక్క రాసే యువకుడు గడిలో ఒకటి వేసి, పక్కన వయసు గడిని కూడా నింపాడు.

మధ్యాహ్నం తరువాత అయిదో గుట్టకు అవతల మరో గద్ద కనిపించింది. ఎండ దాని వెనుక ఉంది, శ్రేణిని విడిచి దూరంగా లోయ మీదుగా పోతోంది. రెక్కలు బల్లపరుపుగా ఉన్నాయనీ కనుక తెల్లతల గద్ద పిల్ల అనీ ఒకాయన, కాదు కొద్దిగా పైకెత్తే ఉన్నాయనీ బంగారు గద్దేననీ నేనూ, నా పక్కనున్న మరో ఇద్దరూ వాదించుకున్నాం. తల పొట్టిగా, తోక పొడవుగా కనిపిస్తోందని నేను గట్టిగానే చెప్పాను. యువకుడు అది మరుగయ్యే దాకా టెలిస్కోపులోంచి చూసి, మా మాటలన్నీ మర్యాదగా విని, జాతి తెలియని గద్దల కోసం ఉంచిన గడిలో ఒకటి వేశాడు. అంతమంది ఒప్పుకుంటున్నప్పుడు బంగారు గద్ద గడిలో వేయకూడదా అని అడిగాను. తాను స్వయంగా చూసి నిర్ణయించలేనిది ఓట్లతో నిర్ణయం కాదన్నాడు. అది బంగారు గద్దేనని నేను ఇప్పటికీ అంటాను. పట్టికలో మాత్రం అలా లేదు.